ఇషుకారుడు



శ్రీమద్భాగవతం ఏకాదశ స్కంధంలో శ్రీకృష్ణ పరమాత్మ ఉద్ధవునకు ఒక ప్రాచీన సంవాదాన్ని వినిపిస్తాడు. యదు మహారాజు ఒక అవధూతను చూసి, ఇల్లు లేక, ధనం లేక, బంధువులు లేక నీకీ ఆనందం ఎక్కడి నుండి కలిగిందని ప్రశ్నిస్తాడు. అవధూత తనకు ఇరవై నలుగురు గురువులున్నారని చెప్పి వారిని వరుసగా పేర్కొంటాడు. భూమి, వాయువు, ఆకాశం మొదలుకొని పింగళ అనే వేశ్య వరకు ఆ పట్టికలో అందరికీ చోటుంది. చివరి నలుగురైదుగురిలో ఒకడు ఇషుకారుడు, అంటే బాణాలు చేసేవాడు. అతడు ఒక బాణాన్ని సరిచేయడంలో లీనమై ఉండగా, భేరీ ఘోషలతో రాజు పరివారసమేతంగా అతని పక్కనుండే వెళ్ళిపోయాడు. రాజు వచ్చిన సంగతీ అతనికి తెలియదు, పోయిన సంగతీ తెలియదు. చిత్తం ఒక్కచోట నిలవడమంటే ఏమిటో అవధూత అతని వద్ద నేర్చుకున్నాడు. తెలుగు భాగవతంలో ఈ స్కంధాన్ని రచించినది పోతనామాత్యుడు కాదు, ఆయన శిష్యుడు వెలిగందల నారయ.

ఇక్కడ ఒక విశేషం గమనించదగినది. ఏకాగ్రత అనగానే లోకానికి జ్ఞాపకం వచ్చేది ద్రోణుని పరీక్షలో చెట్టు మీది పక్షిని గురిచూసిన అర్జునుడు. అవధూత మాత్రం విలుకానిని గురువుగా ఎంచుకోలేదు. విలుకాని వెనుక, ఎవరి కంటా పడని చోట కూర్చుని, పుల్లను సాపుచేసే పనివానిని ఎంచుకున్నాడు. సాంఖ్య సూత్రాలలో నాలుగవ అధ్యాయం కథల అధ్యాయం. అందులోనూ ఏకచిత్తునకు సమాధి భంగం కలగదనడానికి దృష్టాంతంగా నిలిచింది ఈ ఇషుకారుడే. బౌద్ధ వాఙ్మయంలోని మహాజనక జాతకంలో కూడా ఇతడు దర్శనమిస్తాడు. అక్కడ బాణాన్ని నిప్పు మీద కాచి, గంజితో తడిపి, ఒక కన్ను మూసి రెండవ కంటితో దాని వంకర చూస్తాడు. భాగవతంలో ఇషుకారునికి ముందు చేతి గాజుల చప్పుడును ఆపుకొన్న కన్య కథ వస్తుంది. జాతకంలోనూ అతనికి ముందు గాజుల బాలికే వస్తుంది. ఘంటసాలలోనూ గుడివాడలోనూ బౌద్ధ స్తూపాల అవశేషాలున్నాయి కనుక, కృష్ణా ముఖద్వారంలోని ఈ నేల రెండు సంప్రదాయాల ఇషుకారులనూ ఒకప్పుడు విని ఉండాలి.

విల్లంబులు పోయాయి, తుపాకులు వచ్చాయి. ఇషుకారుని వృత్తి మాత్రం రూపు మార్చుకొని కొన్ని దేశాలలో ఇప్పటికీ సాగుతోంది. అమెరికాలో సుదూర లక్ష్యవేధన క్రీడను అభ్యసించేవారిలో అనేకులు కొన్న తూటాలతో తృప్తి చెందరు. తమ తుపాకికి తగినట్లు ఒక్కొక్క తూటానూ తామే చేతితో నింపుకొంటారు. భారతదేశంలో ఇది సులువుగా వీలుపడే పని కాదు. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. మన క్రీడాకారులలో పేరెన్నికగన్నవారు ఎక్కువగా గాలి తుపాకులతోనే సాధన చేశారు. 2012 లండన్ ఒలింపిక్సులో కాంస్యం గెలిచిన హైదరాబాదు వాసి గగన్ నారంగ్ ఆ పతకం సాధించినది పది మీటర్ల దూరంలో, మందుగుండుతో పనిలేని పోటీలో. కనుక తూటా నింపే ఈ విద్య తెలుగువారి కంటపడేది అమెరికా వెళ్ళినప్పుడే.

అలా కంటపడిన ఒక పెద్దాయన గురించి ఈ వ్యాసం. ఆయనది దివిసీమలో కోడూరు దాపున ఒక పల్లె. తండ్రి చిన్నతనంలోనే గతించాడు. ఉన్నత పాఠశాల చదువు కోసం మేనమామ ఇంట గుడివాడలో ఉండగా, పదమూడవ ఏట, 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. ఆ రాత్రి దివిసీమ మీద పడిన నీటిలో అధికార లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది పోయారు. వారిలో ఆయన తల్లి, తమ్ముడు ఉన్నారు. దేహాలు దొరకలేదు. గుడివాడలో ఆ రాత్రి గాలివాన మాత్రమే. మర్నాడు మధ్యాహ్నానికి గాని కబురు అందలేదు.

పెద్దయ్యాక ఆయన బందరులో ఉద్యోగంలో చేరాడు. బందరు పేరు చెబితే చాలామందికి లడ్డూ, పక్కన పెడన కలంకారీ గుర్తుకు వస్తాయి. దృక్పరికరాల చరిత్రలోనూ ఆ ఊరికి స్థానం ఉంది. 1926లో అక్కడ ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ వెలిసింది. 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో భాగమైంది. పాఠశాలల ప్రయోగశాలలకు పరికరాలు అందించిన ఊరు క్రమంగా సైన్యానికి దుర్భిణులు, రాత్రివేళ చూడగలిగే సాధనాలు, తుపాకులకు అమర్చే దృష్టి యంత్రాలు చేసే ఊరయింది. ఇటీవల పామర్రు మండలం నిమ్మలూరులో కొత్త కర్మాగారం కూడా వచ్చింది. ఆయన పని అద్దాలు బిగించాక అక్షాన్ని సరిచూడడం. దూరాన ఉంచిన దీపబిందువు, కనుకటకంలోని అడ్డగీత నిలువుగీత కలిసే బిందువు ఒక్కటి కావాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా పరికరం వెనక్కు పోతుంది. ముప్పై తొమ్మిదేళ్ళు ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి ఆయన చేసిన పని అదే. జాతకంలోని ఇషుకారుడు గుర్తుకు రాకమానడు. ఆయనకు మాత్రం ఆ పోలిక ఎన్నడూ తోచలేదు.

పదవీ విరమణ తరువాత ఆయన నిత్యానుష్ఠానం పెరిగింది. ఉదయం గాయత్రి, సాయంకాలం అష్టాక్షరి, రాత్రి భాగవత పారాయణ. బయటికి నిండుగా కనిపించే ఈ సాధనలో లోపల ఒక రంధ్రం ఉంది. జపం చేస్తుండగా మనస్సు జారిపోయేది. మాలలో సగం దాటాక ఎన్నవ పూసలో ఉన్నదీ, అసలు నామం పలికినదీ లేనిదీ తెలిసేది కాదు. అప్పుడాయన ఉజ్జాయింపుగా ఒక పూస పట్టుకొని ముందుకు సాగేవాడు. చాలామంది సాధకులు చేసేది ఇదే. ఎవరూ ఎవరికీ చెప్పుకోరు.

కుమారుడు టెక్సాస్ రాష్ట్రంలో ఉంటాడు. ఆరు నెలల కోసం వెళ్ళిన ఆయన, చేరిన మూడవ నాడు గ్యారేజీలో ఒక బల్ల, దానికి బిగించిన ఇనుప ప్రెస్సు, త్రాసు, వరుసగా నిలబెట్టిన ఇత్తడి తూటా గొట్టాలు చూసి నిశ్చేష్టుడయ్యాడు.

"ఏంట్రా ఇదంతా? బ్రాహ్మణ కొంపలో తుపాకి మందా?"

"కాగితం మీద గుండ్రాలు కొట్టే ఆట నాన్నగారూ. ఎవరినీ కొట్టేది కాదు. వేట కూడా కాదు."

ఆ సమాధానం ఆయనకు రుచించలేదు. వారం రోజులు ఆ గది వైపు పోలేదు. అహింసా పరమో ధర్మః అని పెరిగిన మనస్సు, తన వంశంలో ఈ వికృతి ఎలా ప్రవేశించిందని మథనపడింది. ఇంటి దేవుని గూటిలో దీపం వెలిగించేటప్పుడు కూడా గోడకు అవతల ఉన్న బల్లే మెదిలేది. సంధ్యావందనం మానేసిన కొడుకు దీనికి మాత్రం రాత్రి పదకొండింటి దాకా మేలుకొంటున్నాడన్న బాధ దానికి తోడయింది.

ఈ మథనాన్ని తెంచినది కొడుకు వాదన కాదు. ఒకనాడు ఆ బల్ల పక్కన గోడకు ఆనించి ఉన్న తుపాకి మీది దుర్భిణిని ఆయన చేతిలోకి తీసుకొని, అలవాటు కొద్దీ కంటికి ఆనించి, కిటికీలోనుంచి దూరపు స్తంభాన్ని చూశాడు. అడ్డగీత నిలువుగీత కలిసే బిందువు స్తంభం మీద నిలిచింది. ముప్పై తొమ్మిదేళ్ళుగా తాను సరిచూసిన బిందువు అదే. సియాచిన్‌లోనో రాజస్థాన్ ఎడారిలోనో ఏ సిపాయి భుజం మీదనో ఉన్న ఆ యంత్రాల గుండా చూసినది కాగితపు వృత్తాలను కాదు. ఆ ఉద్యోగం మీద వచ్చిన జీతంతోనే ఇల్లు కట్టాడు, కొడుకును చదివించాడు, నిత్యం నైవేద్యం పెట్టాడు. అది హింస అని ఒక్కనాడూ అనుకోలేదు, దేశరక్షణ అనుకొన్నాడు. అది సరైన భావనే. కాని అదే కొలతను కొడుకుకు వర్తింపజేయడం మరిచాడు. స్వధర్మ విచారంలో మనిషి తన చేతి పనిని ఒక కొలతతో, ఎదుటివాని చేతి పనిని ఇంకొక కొలతతో తూచడం ఎంత సహజమో, గీతను వంద సార్లు పారాయణ చేసినవారికి కూడా ఇది ఎంత ఆలస్యంగా తెలుస్తుందో ఇక్కడ కనిపిస్తుంది.

మరునాటి నుండి ఆయన గ్యారేజీలో ఒక కుర్చీ వేసుకొని కూర్చోసాగాడు.

ఒక తూటాలో నాలుగు అంగాలుంటాయి. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న ప్రైమర్, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. కొడుకు పాల్గొనే పోటీని ఎఫ్-క్లాసు అంటారు. దానిని ఆరంభించిన కెనడా దేశస్థుడు ఫార్కర్‌సన్ పేరులోని తొలి అక్షరమే ఆ పేరు. అందులో రెండు కాళ్ళ ఊత మీద తుపాకి నిలిపి కొట్టే విభాగంలో .223, .308 అనే రెండు తూటాలకే అనుమతి. కొడుకుది చిన్నదైన .223. గుండు వ్యాసం ఆరు మిల్లీమీటర్లకు లోపే. దూరం 600 గజాలు. అంత దూరాన పది పాయింట్ల వృత్తం వ్యాసం ఆరు అంగుళాలు, దాని నడిమి వృత్తం మూడు అంగుళాలు. కంటికి అది కనిపించదు. దుర్భిణిలో కూడా ఎండకు లేచే ఆవిరిలో అలల్లా ఊగుతుంది.

గుండు బరువును, మందు బరువును గ్రెయిన్లలో కొలుస్తారు. గ్రెయిన్ అంటే గింజ. ఒకప్పుడు ధాన్యపు గింజే తూనికరాయి. ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు. ఈ మాట విని ఆయన నవ్వాడు. బందరు శివారు చిలకలపూడి, రోల్డుగోల్డు నగలకు ప్రసిద్ధమైన ఊరు. అక్కడి పాత కంసాలులు బంగారాన్ని గురివింద గింజతో తూచిన కథలు ఆయన విన్నవే. గురివింద సుమారు రెండు గ్రెయిన్లకు సమానం. తన కింద నలుపెరుగని గురివింద అనే సామెత ఆ పూట ఆయనకు వేరే విధంగా తోచి ఉంటుంది.

పనిలో అధిక భాగం ఇత్తడి గొట్టానిదే. పేలిన గొట్టాన్ని పారేయరు. పేలుడు వేడికి, ఒత్తిడికి అది వ్యాకోచించి, తాను ఉన్న తుపాకి గదిని అచ్చుగుద్దినట్లు తన దేహంలో నిలుపుకొంటుంది. ఒక తుపాకిలో పేలిన గొట్టం మరొక తుపాకిలో సరిగా పట్టకపోవచ్చు. దానిని శుభ్రపరచి, డై అనే ఉక్కు అచ్చులో నొక్కి, తిరిగి పరిమాణానికి తెస్తారు. తెలిసినవారు పూర్తిగా మొదటి కొలతకు నొక్కరు. ఆ తుపాకికి అలవాటుపడిన ఆకారాన్ని చాలావరకు ఉండనిచ్చి, అవసరమైనంతే వెనక్కు నెడతారు. అనుభవం దేహంలో ముద్ర వేయడం, ఆ ముద్రతోనే మరల జన్మించడం, ఆ ముద్రే ఒక పరిమితిలో ఉపకారం కావడం, ఇవన్నీ చూస్తే వాసనా సిద్ధాంతం చదివినవానికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. వాసనాక్షయమంటే అన్నిటినీ ఒక్కసారిగా నలిపివేయడం కాదని, శుభవాసనలను ఆశ్రయించి అశుభవాసనలను తొలగించాలని యోగవాసిష్ఠం ఉపదేశించేది ఇటువంటి తారతమ్యాన్నే.

పదే పదే పేలి, పదే పదే నొక్కుడు పడిన ఇత్తడి గట్టిపడుతుంది. గట్టిపడినది బలపడినట్లు కాదు. మెడ దగ్గర చీలుతుంది. అందుకని కొన్ని సార్ల కొకసారి మెడను మంటలో కొద్ది క్షణాలు కాస్తారు. లోహంలో పేరుకొన్న బిగువు సడలి మళ్ళీ మెత్తబడుతుంది. మెడ మాత్రమే కాగాలి. అడుగు భాగం మెత్తబడితే తూటా ప్రమాదకరమవుతుంది. తపస్సును గురించి పెద్దలు చెప్పే జాగ్రత్త కూడా ఇదే. ఏది కరగాలో అది కరగాలి, ఏది నిలవాలో అది నిలవాలి. తపస్సు పేరిట దేహాన్నంతా ఎండబెట్టినవారిని గీతలో భగవానుడు మెచ్చుకోలేదు.

అయితే ఇటువంటి పోలికలను అతిగా లాగరాదు. ఇత్తడికి ముముక్షుత్వం లేదు. పోలిక కొంత దూరం నడిపించి ఆగిపోతుంది. ఆగినచోట దాన్ని దించివేయాలి.

ఇక మందు. త్రాసు పళ్ళెంలో కొద్ది కొద్దిగా రాలుస్తూ, గ్రెయిన్‌లో పదవ వంతు తేడా కూడా రాకుండా తూచి, గరాటు పెట్టి గొట్టంలో పోస్తారు. వేగంలో తేడా వస్తే దూరాన గుండు ఎక్కువ తక్కువలకు పడుతుంది. అది ఆటలో ఓటమి. మందు రెండు మారులు పడితే తుపాకి పగిలి కన్ను పోవచ్చు, చేయి పోవచ్చు. అది ఆట కాదు. అందుకే బల్ల మీద ఒక్క రకం మందు డబ్బా మాత్రమే ఉండాలని, మిగిలినవి బీరువాలో ఉండాలని నియమం. ఫోను ఇంట్లోనే వదిలి వస్తాడు కొడుకు. పాట పెట్టడు. ఎవరితోనూ మాట్లాడడు. యాభై గొట్టాల చెక్కలో ఒక్కొక్కదానినీ నింపి, అన్నీ నిండాక దీపం పట్టి లోపలి మట్టాలు ఒకటేనా అని చూసి, అప్పుడు గుండ్లు బిగిస్తాడు. ఎన్నడూ దేవుని ముందు అయిదు నిమిషాలు నిలవని వాడు, రెండు గంటలు కదలకుండా కూర్చోవడం తండ్రి చూశాడు. రాజు వెళ్ళినా తెలియని ఇషుకారుడు వీడేనా అనుకొన్నాడు.

ఆ అనుమానం తీరిన రాత్రి ఒకటుంది. కాఫీ గ్లాసుతో వచ్చిన ఆయన, కొడుకు గరాటు ఎత్తి పట్టుకొన్న క్షణంలో, మర్నాడు గుడికి ఎన్నింటికి వెళ్ళాలని అడిగాడు. కొడుకు తల తిప్పి, "పదింటికి నాన్నగారూ" అన్నాడు. తరువాత చేతిలోని గరాటు వైపు, చెక్కలోని గొట్టాల వైపు చూశాడు. అప్పటికి ముప్పైకి పైగా నిండి ఉన్నాయి. ఏమీ అనకుండా ఒక్కొక్క గొట్టాన్ని వంచి మందునంతా తిరిగి డబ్బాలో పోసేశాడు. చెక్కను తుడిచి, మొదటి గొట్టం పట్టుకొని, త్రాసును సున్నా చేశాడు.

"అయ్యో, నా వల్ల గంట పని పోయిందే! ఎక్కడ ఆపావో అక్కడి నుంచి చేసుకోకూడదూ?"

"ఎక్కడ ఆపానో నాకు రూఢిగా తెలియదు. తెలుసనుకుంటే తెలిసినట్టే ఉంది. అదే ప్రమాదం నాన్నగారూ."

చిరాకు లేదు, విసుగు లేదు. తండ్రి అడిగితే వినబడింది, జవాబు చెప్పాడు, మళ్ళీ మొదలుపెట్టాడు.

ఇక్కడ భాగవత ఇషుకారునికీ ఈ గ్యారేజీ ఇషుకారునికీ ఉన్న భేదాన్ని విచారించవలసి ఉంది. మొదటివానికి రాజు వినబడలేదు. అది ఏకాగ్రత, సిద్ధదశకు దగ్గరిది. రెండవవానికి తండ్రి వినబడ్డాడు. చిత్తం చెదిరింది. చెదిరిన సంగతిని కప్పిపుచ్చకుండా అప్పటిదాకా చేసినదంతా వదులుకొన్నాడు. దీనికి శాస్త్రంలో వేరే పేరుంది, అప్రమాదం. ముండకోపనిషత్తు ద్వితీయ ముండకంలో ప్రణవాన్ని విల్లుగా, జీవాత్మను బాణంగా, బ్రహ్మమును లక్ష్యంగా చెప్పిన ప్రసిద్ధ ఘట్టంలో, లక్ష్యాన్ని ఛేదించవలసినవానికి ఋషి కోరిన అర్హత అప్రమత్తతే. దానికి ముందే, బాణం ఉపాసన చేత పదును పెట్టబడి ఉండాలని కూడా అంటాడు. విల్లు వంచడానికి ముందు ఇషుకారుని పని ఒకటి ఉందని ఉపనిషత్తే గుర్తించిందన్నమాట. మహాభారతంలో సనత్సుజాతుడు ధృతరాష్ట్రునకు ప్రమాదమే మృత్యువని ఉపదేశించాడు. సాధారణ సాధకునికి రాజును విననంతటి ఏకాగ్రత చేతికి అందేది కాదు. చెదిరిందని ఒప్పుకొని మళ్ళీ మొదటికి పోవడం మాత్రం ఎవరికైనా సాధ్యమే. కాని చాలామంది చేయనిది కూడా అదే, ఎందుకంటే ముప్పై గొట్టాల మందు తిరిగి పోయడానికి మనసొప్పదు. పుణ్యం కూడా కూడబెట్టుకొన్న సొమ్ములాగే అనిపిస్తుంది.

ఆ రాత్రి ఆయన జపానికి కూర్చున్నప్పుడు డెబ్బై పూసల దగ్గర లెక్క తప్పింది. అలవాటు ప్రకారం వేలు ముందుకు పోబోయింది. ఆగి, మేరుపూస వెతుక్కొని, మొదటి నుండి ఆరంభించాడు. ఆ రాత్రి ఒక్క మాల పూర్తికావడానికి అయిదు సార్లు వెనక్కు వచ్చాడని కొడుకుతో తరువాత చెప్పాడు. రోజూ పది మాలలు చేసేవానికి ఒక్క మాల.

వేసవి ముదరకముందే ఒక ఆదివారం ఆయన పోటీకి కూడా వెళ్ళాడు. పొడవైన మైదానం, దారి పొడుగునా గాలి చూపే చిన్న జెండాలు, కడపట మట్టి గట్టు. లక్ష్యాల కింద గోతిలో మనుషులుంటారు. దెబ్బ తగలగానే లక్ష్యాన్ని కిందికి దించి, చిల్లులో ఒక బిళ్ళ గుచ్చి మళ్ళీ పైకెత్తుతారు. అంతవరకు కాల్చినవానికి ఫలితం తెలియదు. గంటకు పది మైళ్ళ వేగంతో అడ్డంగా వీచే గాలి ఆ చిన్న గుండును 600 గజాలలో రెండడుగులకు పైగా పక్కకు నెడుతుంది. ప్రయాణ కాలం ఒక సెకనుకు లోపే. ఆ సెకనులోపు చేతులు ఏమీ చేయలేవు. నెలల తరబడి తూచినది, నొక్కినది, కాచినది అంతా అప్పటికే జరిగిపోయింది. ఒకసారి జెండాలు నిశ్చలంగా ఉండగా కొట్టిన దెబ్బ, మధ్యలో లేచిన గాలికి వృత్తం దాటి పడింది.

"మంచి తూటా, మంచి గురి. అయినా పోయిందే!" అన్నాడు తండ్రి, జాలిగా.

"విడిచాక నాది కాదు నాన్నగారూ. రాసుకోవడమే" అని కొడుకు పుస్తకంలో గాలి, వెలుతురు, దెబ్బపడిన చోటు రాసుకొని తరువాతి తూటా అందుకొన్నాడు.

శంకర భగవత్పాదుల భాష్యాలలో విడిచిన బాణం అనే దృష్టాంతం తరచుగా కనిపిస్తుంది. అమ్ములపొదిలో ఉన్న బాణాలు సంచితం. వింట సంధించబడుతున్నది ఆగామి. విడిచినది ప్రారబ్ధం. జ్ఞానం మొదటి రెంటినీ నశింపజేస్తుంది. మూడవది తన వేగం తీరేదాకా పోవలసిందే. వివేకచూడామణి దీనినే పులి అనుకొని ఆవు మీద వేసిన బాణంతో పోలుస్తుంది. విడిచాక అది ఆవు అని తెలిసినా బాణం ఆగదు. ఆ గ్రంథమే ఇంకొంత ముందుకు వెళ్ళి, పరమార్థ దృష్టిలో ప్రారబ్ధమూ లేదని, అజ్ఞులకు బోధించడానికే శ్రుతి దానిని చెప్పిందని కూడా అంటుంది. ఈ రెండవ మాటను పట్టుకొని మొదటిదాన్ని తేలికగా దాటేసేవారు ఉంటారు. ఇంట్లో ఎవరూ పోనివారికి అది సులభం.

ఆ పెద్దాయన ప్రారబ్ధం అనే మాటను పదమూడవ ఏట నుండి వింటున్నాడు. ఉప్పెన తరువాత గుడివాడలో మేనమామ అన్నాడు, బందరులో పురోహితుడు అన్నాడు, తానూ ఇతరుల ఇళ్ళలో మరణం సంభవించినప్పుడు అన్నాడు. మాట నిజమే. అయినా లోపల ఒక ప్రశ్న ఆగలేదు. ఆ ముందు ఆదివారం పల్లెకు వస్తానని తల్లికి చెప్పి, పరీక్ష ఉందని ఆయన వెళ్ళలేదు. వెళ్ళి ఉంటే వారిని గుడివాడ తీసుకువచ్చేవాడా, లేక తానూ పోయేవాడా? నలభై ఏళ్ళకు పైగా ఆయన విడిచిన బాణం వెంట పరుగెత్తుతూనే ఉన్నాడు. ఉద్యోగం, వివాహం, సంతానం, పారాయణ అన్నీ ఆ పరుగులో జరిగినవే. కొడుకుకు నానమ్మ ఉప్పెనలో పోయిందని తెలుసు. ఆ వెళ్ళని ఆదివారం సంగతి తెలియదు.

మైదానం నుండి ఇంటికి వచ్చే దారిలో, కారులో, ఆయన అది చెప్పాడు. పరీక్ష లెక్కల పరీక్ష అని కూడా చెప్పాడు. కొడుకు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "తమ్ముడి పేరేంటి నాన్నగారూ?" అని అడిగాడు. ఇన్నేళ్ళలో ఆ ఇంట ఆ పేరు పలికినది అప్పుడే.

తిరిగి వచ్చే ముందు ఆయన ఒక ఖాళీ ఇత్తడి గొట్టం అడిగాడు. దేవుని గూటిలో ఉంచుకొంటానన్నాడు. కొడుకు ఒప్పుకోలేదు. ఖాళీదైనా సంచిలో దొరికితే మన విమానాశ్రయంలో తూటాతో సమానంగానే చూస్తారని, ఈ వయసులో ఆ చిక్కు వద్దని చెప్పాడు. ఆయన ఏమీ లేకుండానే బందరు చేరాడు.

తల్లి తద్దినం ఏటా కార్తిక శుద్ధంలో బందరు ఇంట్లోనే జరిగేది. ఈసారి ఆయన, కృష్ణవేణి సముద్రంలో కలిసే హంసలదీవికి వెళ్ళాడు. వేణుగోపాలస్వామిని దర్శించి, సంగమం దగ్గర ఇసుకలో కూర్చొన్నాడు. ఆ తీరానికి ఉప్పెన తరువాత ఆయన రావడం అదే మొదలు. తిలోదకాలు విడిచే వేళ, తల్లి గోత్రనామాలు చెప్పి రెండు దోసిళ్ళు వదిలాక పురోహితుని ఫోను మోగింది. ఆయన లేచి పక్కకు వెళ్ళి మాట్లాడి వచ్చి, దర్భలు సరిచేసుకొంటూ, "ఎక్కడ ఆగామండీ? తమ్ముడి దగ్గరా?" అన్నాడు.

"సంకల్పం నుంచి చెప్పండి" అన్నాడాయన, చేతిలోని నువ్వుల నీళ్ళు ఇసుకలో వదిలేసి.